చలికాలంలో ఇంట్లో కరివేపాకు: ఎన్ని వాట్ల లైటు, ఎన్ని గంటలు, ఎంత ఎత్తున?

కొత్తకుండీ (షికాగో శివారు)

అందరికీ నమస్కారమండీ. కరివేపాకు మొక్క గురించి సలహా కావాలి. వివరాలు ఇవీ:

మొక్క ఎత్తు సుమారు 4 అడుగులు, కుండీ 14 అంగుళాలు. వేసవంతా బయట ఎండలో ఉంది, సెప్టెంబర్ చివర్లో లోపలికి చేర్చాం. దక్షిణం వైపు పెద్ద కిటికీ ఉంది, రెండు పొరల అద్దం. అద్దం పక్కన నేలలో హీటర్ గాలి వచ్చే జాలీ ఉండడంతో కుండీని నాలుగడుగులు వెనక్కి పెట్టాం. నాలుగు తలలున్న క్లిప్ లైటు ఒకటి ఉంది, ఊదారంగు వెలుగు, డబ్బా మీద "80 వాట్స్" అని ఉంది. రోజుకి 10 గంటలు వెలుగుతుంది. ఇంట్లో పగలు 20 డిగ్రీలు, రాత్రి 18. మూడు రోజులకోసారి రెండు గ్లాసుల నీళ్లు, వారానికోసారి పులిసిన మజ్జిగ.

నవంబర్ మధ్య నుంచి కింది రెమ్మలు పసుపెక్కి రాలుతున్నాయి. పైన చిగురు వస్తోంది కానీ సన్నగా, పాలిపోయి, రెమ్మకీ రెమ్మకీ మధ్య జానెడు ఎడంతో వస్తోంది. హాల్లో వెలుతురు చాలా బాగుంటుంది, పగలు లైట్లు వేసుకునే పనే లేదు. మరి లోపం ఎక్కడ? ఇంకో లైటు కొనాలంటే ఎన్ని వాట్లది కొనాలి?

వెలుతురులెక్క

"హాల్లో వెలుతురు చాలా బాగుంటుంది" అన్నారే, చిక్కంతా అక్కడే ఉంది. మన కన్ను వెలుతురుకి తగ్గట్టు తననితాను సర్దుకుంటుంది. 300 లక్స్ ఉన్న గదిలో హాయిగా పేపరు చదువుకుంటాం, 1,00,000 లక్స్ ఉన్న ఎండలోనూ నడుస్తాం. రెండిటికీ 300 రెట్లకు పైగా తేడా ఉన్నా కంటికి అంత తేడా అనిపించదు. ఆకుకి ఆ సర్దుబాటు లేదు, పడినంతే లెక్క.

మూడు కొలతలు తెలిస్తే చాలు.

లక్స్: మనిషి కంటికి ఎంత వెలుగుగా కనిపిస్తుందో చెప్పే కొలత. పచ్చ, పసుపు రంగులకి ఎక్కువ మార్కులు వేస్తుంది. నీలానికీ ముదురు ఎరుపుకీ బాగా తక్కువ. ఆకు లెక్క వేరు.

పీపీఎఫ్‌డీ: 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి కణాలు ఒక చదరపు మీటరు మీద సెకనుకి ఎన్ని పడుతున్నాయో చెప్పేది. మైక్రోమోళ్లలో చెబుతారు (మోల్ అంటే కణాల్ని లెక్కపెట్టే పెద్ద కొలమానం, మైక్రోమోల్ అందులో పదిలక్షో వంతు). మిట్టమధ్యాహ్నపు నిండు ఎండ 2,000 దాకా ఉంటుంది.

డీఎల్ఐ: ఆ కణాలు రోజంతా కలిపి ఎన్ని పడ్డాయి, మోళ్లలో. కుళాయి ధార ఎంత లావుగా వస్తోందన్నది పీపీఎఫ్‌డీ అయితే, సాయంత్రానికి డ్రమ్ములో ఎన్ని నీళ్లు చేరాయన్నది డీఎల్ఐ. మొక్క ఎదుగుదలకి చూడాల్సింది ముఖ్యంగా డ్రమ్మునే.

లెక్క: డీఎల్ఐ = పీపీఎఫ్‌డీ × గంటలు × 0.0036.

లక్స్‌ని పీపీఎఫ్‌డీలోకి మార్చాలంటే ఎండకైతే 54తో భాగించండి. తెల్ల ఎల్ఈడీకి దాని రంగును బట్టి 60 నుంచి 70 ఉంటుంది, 65 వేసుకోండి. అంటే మీ హాల్లో రాత్రి లైట్లన్నీ వేస్తే వచ్చే 300 లక్స్ ఐదు మైక్రోమోళ్లు కూడా కాదు. ఎండకి అలవాటుపడిన ఆకు ఊపిరి ఖర్చుకే దాదాపు 20–30 కావాలి. అంతకన్నా తక్కువ వెలుతురులో ఎన్ని గంటలు ఉంచినా ఆకు దాచుకున్నది కరిగిపోవడమే తప్ప కొత్తగా కూడేదేమీ ఉండదు. అప్పుడు మొక్క చేసే మొదటి పని, ఖర్చు ఎక్కువై రాబడి లేని కింది ఆకుల్ని వదిలించుకోవడం. మీ దగ్గర జరుగుతున్నది అదే.

హైదరాబాద్‌లో ఎండ తగిలే పెరట్లో కరివేపాకుకి రోజుకి 35–40 మోళ్లు అందుతాయి. డిసెంబర్లో షికాగోలో ఆరుబయట, ఆకాశం కిందే, సగటున పది మోళ్ల చుట్టుపక్కల ఉంటుంది. పగలు తొమ్మిది గంటలే, మధ్యాహ్నం సూర్యుడు 25 డిగ్రీల ఎత్తుకి మించి రాడు, మబ్బు సరేసరి. కిటికీ లోపలికి వచ్చేసరికి అందులో ఎంత మిగులుతుందో కొలిస్తే గానీ తెలియదు.

కరివేపాకు ఆకు రాల్చకుండా నిలబడాలంటే 8–10, చిగుళ్లు గట్టిగా రావాలంటే 12–18 మోళ్లు పెట్టుకోండి. నిమ్మజాతి మొక్క అది, నీడపట్టున పెరిగే మనీప్లాంటుతో పోల్చకూడదు. మనీప్లాంటు రెండు మూడు మోళ్లతో కాలక్షేపం చేసేస్తుంది.

20–30 డాలర్లకి చేతి లక్స్ మీటరు దొరుకుతుంది. పీపీఎఫ్‌డీని నేరుగా చూపించే క్వాంటమ్ మీటరే సరైన పరికరం గానీ మంచిది ఐదారు వందల డాలర్లు, ఒక్క మొక్క కోసం అనవసరం. ఫోన్ యాప్ వాడితే ఐఫోన్‌లో కెమెరా మీద తెల్లకాగితం ముక్క వేసి చూడాలి, లేకపోతే కెమెరా ఎటు చూస్తే అటు అంకె మారిపోతుంది. మీటరైనా ఫోనైనా ఆకు ఉన్నచోట, ఆకు ఎత్తులో, ముఖం పైకి పెట్టి కొలవండి. కిటికీ వైపు తిప్పి కొలిస్తే అంకె ఘనంగా వస్తుంది, మొక్కకి ఒరిగేదేమీ లేదు.

కొలవాల్సినవి: ఎండ రోజు మధ్యాహ్నం, మబ్బు రోజు మధ్యాహ్నం, ఎండ ఆకుమీద నేరుగా ఎన్ని గంటలు ఉంటోంది. ఇవి అద్దం దగ్గరా, ఇప్పుడు కుండీ ఉన్నచోటా.

ఊదా లైటుని మాత్రం లక్స్ మీటరుతో కొలవకండి. పైన చెప్పినట్టు నీలం, ఎరుపు దానికి సరిగా కనపడవు, అంకె ఉన్నదానికన్నా చాలా తక్కువ చూపిస్తుంది. దానికి బదులు గోడ ప్లగ్గుకీ లైటుకీ మధ్య పెట్టే కరెంటు మీటరుతో అసలు ఎన్ని వాట్లు లాగుతోందో చూడండి.

పెరటిమొక్క

ఇంత లెక్క అక్కర్లేదండీ. ఆకు పెరగడానికి నీలం, పూతకి ఎరుపు. కరివేపాకులో మనకి కావాల్సింది ఆకే కాబట్టి 6500కె (కె అంటే కెల్విన్, వెలుగు ఛాయ చెప్పే అంకె, పెరిగేకొద్దీ నీలం వైపు పోతుంది) ఉన్న కూల్ డేలైట్ బల్బు ఒకటి పైన వేలాడదీస్తే సరిపోతుంది. మజ్జిగ మానకండి, వారానికి రెండుసార్లు పోసినా మంచిదే.

వెలుతురులెక్క

@పెరటిమొక్క గారూ, రంగుల మాట ఇక్కడ తరచూ వస్తుంది కాబట్టి కాస్త వివరంగా.

1972లో మెక్‌క్రీ అనే శాస్త్రజ్ఞుడు ఇరవైకి పైగా పంటల ఆకుల మీద ఒక్కో రంగు కాంతి వేసి కిరణజన్య సంయోగక్రియ ఎంత జరుగుతోందో కొలిచాడు. ఎరుపు అన్నిటికన్నా బాగా పనిచేసింది. పచ్చ రంగు వృథా అని బడిలో నేర్చుకున్న పాఠం తప్పింది, అది కూడా చాలావరకు ఉపయోగపడుతుంది. పైగా పైఆకుని దాటుకుని కింది ఆకులకి చేరేది ఎక్కువగా పచ్చ కాంతే. నీలం పని మరోటి: కాండం సాగిపోకుండా, ఆకు మందంగా ఉండేలా చూస్తుంది. మొత్తంలో నీలం 10–20 శాతం ఉంటే చాలు, 3000కె–4000కె తెల్ల ఎల్ఈడీలో అంత ఎటూ ఉంటుంది. 6500కె బల్బు వాడితే నష్టమేమీ లేదు, ప్రత్యేక లాభమూ లేదు. హాల్లో ఉండే మొక్క కాబట్టి 3500–4000కె అయితే ఇంట్లోవాళ్ల కళ్లకి ఇబ్బంది ఉండదు.

"ఒక బల్బు" లెక్క కూడా చూద్దాం. 9 వాట్ల బల్బు మొత్తం వెలుగు 800 ల్యూమెన్లు (చదరపు మీటరుకి ఒక ల్యూమెన్ అంటే ఒక లక్స్). 65తో భాగిస్తే సెకనుకి 12 మైక్రోమోళ్లు. అది నాలుగు వైపులా చెదురుతుంది, అందులో సగం మొక్క మీద పడేలా రిఫ్లెక్టర్ పెట్టారనుకుందాం, ఆరు. రెండడుగుల వెడల్పున్న మొక్క తల 0.28 చదరపు మీటర్లు. 6ని 0.28తో భాగిస్తే 21 మైక్రోమోళ్లు. 14 గంటలు వెలిగిస్తే ఒక్క మోల్ వస్తుంది. కావాల్సింది పన్నెండు.

ఎర్రనల్లి

మజ్జిగ గురించి నేను రెండు మాటలు చెబుతాను. మన ఊళ్లో నేలలో ఉన్న చెట్టుకి, వేడికి, ఎండకి, వానపాములకి మజ్జిగ చెల్లిపోతుంది. చలికాలం లోపలి కుండీలో అలా కాదు. మట్టి చల్లగా, తడిగా ఉంటుంది, పాలలోని కొవ్వూ ప్రోటీనూ కుళ్లి వాసన వస్తుంది, ఆ తడికి చిన్న నల్లదోమలు ముసురుతాయి. వాటి పిల్లపురుగులు లేత వేళ్లని కొరుకుతాయి. మార్చి దాకా మజ్జిగ, బియ్యం కడిగిన నీళ్లు రెండూ ఆపండి. ఎరువు కూడా ఇప్పుడే వద్దు. వెలుతురు లేకుండా నత్రజని ఇస్తే కాండం ఇంకా సాగుతుంది, ఆకు ఇంకా పాలిపోతుంది.

నీళ్లు "మూడు రోజులకోసారి" అని పెట్టుకోకండి. ఇప్పుడు ఆ మొక్క తాగేది వేసవిలో తాగేదాంట్లో ఎన్నో వంతు కూడా ఉండదు. వేలు పెట్టి చూడండి, పైన రెండు మూడు సెంటీమీటర్లు పూర్తిగా ఆరాకే పోయండి. పోసినప్పుడు అడుగు నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో మిగిలింది పారబోయండి. రెండేసి గ్లాసులు తరచూ పోస్తే పైపొర ఎప్పుడూ తడి, అడుగు ఒక్కోసారి పొడి, ఉప్పులు లోపలే పేరుకుంటాయి.

ఇంకొకటి, రాలుతున్న ఆకుల అడుగున భూతద్దంతో చూశారా? హీటర్ గాలికి ఇంట్లో తేమ 25–30 శాతానికి పడిపోతుంది, ఎర్రనల్లి పురుగుకి అంతకన్నా పండగ లేదు. ఆకుమీద సూదితో గుచ్చినట్టు తెల్లచుక్కలు, ఈనెల దగ్గర సన్నని గూడు ఉంటే నల్లే. కాండం మీద గోధుమరంగు బొడిపెలు గోటితో గీకితే ఊడిపోతే పొలుసు పురుగు. నల్లి అయితే స్నానాలగదిలో షవర్ కింద ఆకుల అడుగుభాగం గట్టిగా కడిగి, ఐదారు రోజులకోసారి మూడుసార్లు మళ్లీ చేయండి. ఒక్కసారి కడిగి ఊరుకుంటే గుడ్లు పొదిగి మళ్లీ మొదటికొస్తుంది. ఊదా లైటు కింద ఈ చుక్కలు, బొడిపెలు ఏవీ కంటికి కనిపించవు. ఆ లైటంటే నాకు గిట్టకపోవడానికి అదే మొదటి కారణం.

కొత్తకుండీ

అందరికీ థాంక్సండీ. పురుగులేమీ లేవు, ఆకులు శుభ్రంగానే ఉన్నాయి. కొలతలు ఇవిగో.

ఎండ రోజు మధ్యాహ్నం, నేరుగా ఎండ పడుతుండగా: అద్దం దగ్గరా కుండీ దగ్గరా దాదాపు ఒకటే, 22,000 లక్స్. ఎండ ఆకుమీద ఉండేది మూడున్నర గంటలు, తర్వాత పక్కింటి నీడ వస్తుంది.

మబ్బు రోజు మధ్యాహ్నం: అద్దం దగ్గర 1,800. కుండీ దగ్గర 600.

ఊదా లైటు: గోడ దగ్గర కరెంటు మీటరు చూపించేది 22 వాట్లు! డబ్బా మీద 80 అని ఎలా రాశారు?

కుండీలో మట్టి ఉష్ణోగ్రత 17 డిగ్రీలు.

వెలుతురులెక్క

డబ్బా మీద 80 అంటే లోపలున్న ఎల్ఈడీ చిప్పుల రేటింగులన్నీ కూడిన అంకె. అంత కరెంటు పంపితే అవి మాడిపోతాయి కాబట్టి నాలుగో వంతుతో నడుపుతారు. "1000 వాట్లకి సమానం" అని రాసినవాటికీ ఇదే వరస. కొనేటప్పుడు చూడాల్సింది గోడ నుంచి లాగే వాట్లు ఒకటి, వాట్‌కి ఎన్ని మైక్రోమోళ్లు ఇస్తుందన్నది రెండు. ఈ రెండో అంకె మామూలు ఇంటి బల్బుకి 1.3–1.4, మంచి గ్రో బోర్డుకి (మొక్కల కోసమే చేసిన పలకలాంటి ఎల్ఈడీ లైటు) 2.5–2.8. అది రాయని డబ్బాని అక్కడే వదిలేయండి.

ఇప్పుడు మీ జమాఖర్చు వేద్దాం.

ఎండ రోజు: 22,000ని 54తో భాగిస్తే 407. మూడున్నర గంటలకి 407 × 3.5 × 0.0036 = 5.1 మోళ్లు. మిగతా గంటల పలచటి వెలుతురు ఒక అర మోల్. మొత్తం 5.6.

మబ్బు రోజు, అద్దం దగ్గర: మధ్యాహ్నం 33 మైక్రోమోళ్లు, పొద్దున్నా సాయంత్రం ఇంకా తక్కువ, సగటున 20 అనుకుంటే 8 గంటలకి 0.6 మోల్. కుండీ ఇప్పుడున్న చోట అందులో మూడో వంతు, 0.2.

డిసెంబర్లో వారానికి రెండు రోజులు ఎండ కాసిందనుకుంటే, అద్దం దగ్గర సగటున రోజుకి రెండు మోళ్లు. మీ ఊదా లైటు 22 వాట్లు, వాట్‌కి 1.5 చొప్పున 33 మైక్రోమోళ్లు, సగం మొక్క మీద పడితే 59 పీపీఎఫ్‌డీ, పది గంటలకి 2.1 మోళ్లు. కిటికీ, లైటు కలిపి నాలుగు. ఆకు నిలబడ్డానికి కావాల్సిన దాంట్లో సగం ఇది. మబ్బులు వరసగా పదిరోజులు కమ్మితే ఇంకా కింద.

మీ కొలతల్లో ఒక ముచ్చట ఉంది చూడండి. ఎండ నేరుగా పడేటప్పుడు అద్దం నుంచి నాలుగడుగులు వెనకున్నా తేడా లేదు, ఎందుకంటే చలికాలపు సూర్యుడు కిందుగా ఉండి కిరణం గది లోతుకి వస్తుంది. మబ్బు రోజు మాత్రం వెలుతురంతా ఆకాశం నుంచే వస్తుంది. అద్దానికి దూరమయ్యేకొద్దీ ఆకుకి కనిపించే ఆకాశం కుంచించుకుపోతుంది. మీకు మబ్బు రోజులే ఎక్కువ కాబట్టి కుండీని అద్దం దగ్గరికి జరపడం ఖర్చులేని మొదటి పని. హీటర్ జాలీ మీద గాలిని పక్కకి మళ్లించే ప్లాస్టిక్ మూత పెట్టండి, హార్డ్‌వేర్ షాపులో అయస్కాంతంతో అతుక్కునేవి దొరుకుతాయి. కిటికీకి దోమతెర ఉంటే చలికాలం తీసేయండి, అదొక్కటే వెలుతురులో పావు నుంచి మూడో వంతు తినేస్తుంది. అద్దం రెండు వైపులా తుడవండి.

ఇక లైటు. కావాల్సిన పన్నెండులో కిటికీ ఇచ్చే రెండు పోను పది మోళ్లు లైటు నుంచి రావాలి. 14 గంటలు వెలిగిస్తే 10 ÷ (14 × 0.0036) = 198, అంటే మొక్క తల మీద 200 పీపీఎఫ్‌డీ. తల వైశాల్యం 0.28, సగం కాంతి పక్కలకి పోతుందనుకుంటే లైటు 112 మైక్రోమోళ్లు ఇవ్వాలి. వాట్‌కి 2.5 ఇచ్చే బోర్డు అయితే 45 వాట్లు, ఇంటి బల్బులతో అయితే 80కి పైగా. కాబట్టి గోడ దగ్గర నిజంగా 60 వాట్ల వరకు లాగే, వెలుగు తగ్గించే నాబ్ ఉన్న తెల్ల బోర్డు తీసుకోండి. ముదురు ఎరుపు చిప్పులు కొన్ని కలిపి ఉంటే ఇంకా మంచిది. కరెంటు నెలకి పాతిక యూనిట్లు అవుతుంది, బిల్లులో పెద్దగా కనపడదు.

వేలాడదీసే ఎత్తు మొక్క తలకి 30–40 సెంటీమీటర్లు. రాత్రి పరదాలు వేసి, ఆ ఒక్క లైటే వెలిగించి, తల మధ్యలోనూ నాలుగు అంచుల్లోనూ లక్స్ చూడండి. సగటు 13,000 రావాలి. ఎరుపు చిప్పులుంటే 11,500–12,000 చూపించినా సరిపోయినట్టే, మీటరు ఎరుపుని తక్కువ లెక్కేస్తుంది కాబట్టి. మధ్యలో 20,000, అంచుల్లో 5,000 అంటే లైటు మరీ దగ్గరగా ఉంది, కాస్త పైకి లేపి నాబ్ పెంచండి. చిన్న బల్బుకైతే దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. వెడల్పాటి బోర్డుకి దగ్గరలో అంత వేగంగా పడదు, అందుకే లెక్క కట్టడం కన్నా కొలవడం మేలు.

పొద్దున్న 6 నుంచి రాత్రి 8 దాకా టైమరు పెట్టేయండి. 24 గంటలూ వెలిగించొద్దు, ఆరు గంటలైనా చీకటి ఉండాలి. చేత్తో వేసి ఆర్పుదామనుకుంటే వారంలో రెండు రోజులు మర్చిపోతారు, అదీ ఖచ్చితంగా మబ్బు రోజే.

బోర్డుబాబాయ్

వెలుతురులెక్క గారి అంకెలన్నీ తల మీదివి. మొక్క నాలుగడుగులు కాబట్టి ఇంకో సంగతి కలపాలి. పైన 200 ఉన్నప్పుడు రెండడుగుల కింద, పైఆకుల నీడలో, 30–40 కన్నా మిగలదు. ఎంత లైటు కొన్నా కింది రెమ్మలు కొన్ని రాలతాయి, దానికి కంగారుపడి నీళ్లు పెంచకండి.

దారులు రెండు. ఒకటి, రెండడుగుల ఎల్ఈడీ గ్రో బార్ (20 వాట్లది చాలు) నిలువుగా ఒక స్టాండుకి కట్టి, కిటికీకి ఎదురు వైపు నుంచి మొక్క నడుముకి తగిలేలా, ఒక అడుగు దూరంలో పెట్టడం. కిటికీ ఒక పక్క, బార్ ఒక పక్క. రెండోది మొక్కని కురచ చేయడం. ఇప్పుడే కత్తెర వేయకండి, ఉన్న కాస్త ఆకూ పోతే మొక్కకి వేరే రాబడి లేదు. కొత్త లైటు కింద మూడు నాలుగు వారాలుండి చిగుళ్లు దగ్గరదగ్గరగా, ముదురాకుపచ్చగా రావడం మొదలయ్యాక, ఫిబ్రవరిలో, ఆ సాగిపోయిన భాగం కిందికి రెండున్నర, మూడడుగుల ఎత్తులో కణుపు పైన కోయండి. పక్క కొమ్మలు వస్తాయి, గుబురైన తలకి లైటు బాగా పడుతుంది. అప్పటిదాకా పోపులోకి రెమ్మలు పీకడం మానుకోండి, కొట్లో కొనుక్కోండి.

మట్టి 17 డిగ్రీలు అన్నారు, లైటు అంత ముఖ్యమైన విషయమే అది కూడా. వేళ్లు చల్లగా ఉంటే పైన ఎంత వెలుతురిచ్చినా ఇనుము పైకి లాగలేదు. కొత్త ఆకు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా వస్తుంది. చాలామంది దాన్ని లైటు చాలకపోవడమనుకుని ఇంకో బల్బు కొంటారు. తేడా ఇలా పట్టుకోండి: రెమ్మల మధ్య ఎడం పెరిగి, ఆకంతా ఒకేలా పాలిపోతే వెలుతురు లోపం. ఎడం మామూలుగానే ఉండి, ఈనెల మధ్య మాత్రమే పసుపైతే వేళ్ల చలువ, లేదా నీళ్లలో సున్నం ఎక్కువై మట్టి క్షారం అవ్వడం. కుండీ కింద నారు పెంచేవాళ్లు వాడే హీట్ మ్యాట్ పెట్టి, థర్మోస్టాట్ సెన్సరు మట్టిలో గుచ్చి 24–25 దగ్గర సెట్ చేయండి. థర్మోస్టాట్ లేకుండా మ్యాట్ పెడితే అడుగు వేళ్లు ఉడుకుతాయి. అద్దం దగ్గరికి జరుపుతున్నారు కాబట్టి నేరుగా నేలమీద కాక అంగుళం మందం థర్మోకోల్ పలక మీద కుండీ పెట్టండి.

ఆకులు అద్దాన్ని తాకకూడదు. సున్నాకి కింద ఉన్న రాత్రి ఆ ఆకు నల్లబడుతుంది.

మిద్దెమీద (హైదరాబాద్)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు, ఉత్తరం బాల్కనీ, ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంటు. ఇక్కడ చలి సమస్య లేదు, ఎండ సమస్యే. వంటగదిలో ఇనుప రాక్ మీద కొత్తిమీర, మెంతికూర పెంచాలని ఉంది. మామూలు ట్యూబులైట్లతో అవుతుందా, గ్రో లైట్లే కొనాలా?

వెలుతురులెక్క

అవుతుంది. మీ బాల్కనీ సంగతి ముందు చెబుతాను. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశంలో ఉంది కాబట్టి దాదాపు మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరాన ఉంటాడు. ఆ మూడు నెలల్లో ఉత్తరం బాల్కనీకి కూడా పొద్దున్నా సాయంత్రం నేరుగా ఎండ తగులుతుంది. చలికాలంలో దక్షిణం బాల్కనీవాళ్లది అదృష్టం, మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకి దిగి లోపలిదాకా వస్తాడు. మీకు సెప్టెంబర్ చివర నుంచి మార్చి దాకా నేరుగా ఎండ ఉండదు, రాక్ పెట్టుకోవాల్సింది ఆ కాలానికే.

నాలుగడుగుల 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటన్ (ట్యూబులైటు లాంటి పట్టీ) 2,000 ల్యూమెన్లు, అంటే 30 మైక్రోమోళ్లు. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు అర 0.37 చదరపు మీటర్లు. అరకి పక్కలా వెనకా తెల్ల ఫ్లెక్స్ ముక్కో థర్మోకోలో కట్టి, బ్యాటన్లు ఆకుకి 20–25 సెంటీమీటర్ల పైన బిగిస్తే వెలుతురులో 60 శాతం ఆకుకి చేరుతుంది. రెండు బ్యాటన్లతో 100 పీపీఎఫ్‌డీ, నాలుగింటితో 200. రెండుతో 14 గంటలకి 5 మోళ్లు, మెంతి మొలకలు వారం పది రోజుల్లో కోసుకోవడానికి సరిపోతుంది. కొత్తిమీర ఆకు మందంగా, వాసనగా రావాలంటే నాలుగు కావాలి.

కొత్తిమీరకి గంటలు పెంచకండి. పగలు పొడుగయ్యేకొద్దీ, వేడి పెరిగేకొద్దీ అది ఆకు మానేసి పూతకి పోతుంది. 12 గంటలు పెట్టి బ్యాటన్లు నాలుగు వాడితే 8.6 మోళ్లు వస్తాయి, కోతకి అది చాలు. ఏప్రిల్, మే నెలల్లో వంటగది 35 దాటితే లైటు ఎంతున్నా కొత్తిమీర పని కాదు, ఆ రెండు నెలలు తోటకూరకి మారండి.

ఖర్చు: 80 వాట్లు, 12 గంటలు, నెలకి 29 యూనిట్లు. మీ వాడకం ఇప్పటికే స్లాబ్ అంచున ఉంటే ఆ 29 యూనిట్లతో బిల్లు పై స్లాబ్‌లోకి పోవచ్చు, బిల్లు చూసుకుని దిగండి. గ్రో బోర్డు అయితే అదే వెలుతురు సగానికి కాస్త ఎక్కువ కరెంటుతో వస్తుంది. రాక్ ఏడాది పొడుగునా నడిపేవాళ్లకి ఆ తేడా కిట్టుబాటు, నాలుగు నెలలకైతే బ్యాటన్లే నయం.

ఎర్రనల్లి

@మిద్దెమీద, రాక్ ఇనుపది, పక్కన నీళ్లు. బ్యాటన్ వైర్ల జాయింట్లు టేపుతో వదిలేయకండి, ప్లగ్గు ఉన్న పొడుగు వైరు తీసుకుని, వైరు మధ్యలో కిందికి వేలాడి మళ్లీ సాకెట్‌కి పైకెక్కేలా వదలండి. నీటిచుక్క జారినా ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది, సాకెట్‌లోకి పోదు.

కొత్తకుండీ

బోర్డు ఆర్డర్ చేశాం, 65 వాట్లు, నాబ్ ఉంది. ఇప్పుడు పాలిపోయి ఉన్న ఆకుల మీద ఒక్కసారిగా 200 వేస్తే మాడవా? ఒకవేళ మొక్క చనిపోతే టెక్సాస్‌లో ఉన్న మా అక్కయ్య వాళ్లింటి నుంచి పిలక తెచ్చుకోవచ్చా?

బోర్డుబాబాయ్

మాడదు గానీ మెల్లగా వెళ్లండి. మొదటి నాలుగైదు రోజులు నాబ్ సగంలో, అంటే రాత్రి కొలతలో 6,000–7,000 లక్స్. తర్వాత రెండు రోజులకోసారి కొంచెం పెంచుతూ రెండు వారాలకి 13,000కి తీసుకెళ్లండి. పై ఆకులు తెల్లబడినా, ఆకు పడవలా పైకి ముడుచుకున్నా ఎక్కువైందని గుర్తు, పది సెంటీమీటర్లు పైకి లేపండి. ఉన్న ఆకులు మళ్లీ ముదురు రంగులోకి వస్తాయని చూడకండి, కొత్తగా వచ్చే రెండో జత రెమ్మలు చూసి తీర్పు చెప్పండి. అప్పుడే సగం మోతాదు ఎరువు మొదలుపెట్టేది కూడా. మేలో రాత్రులు 10–12 డిగ్రీలు దాటాక బయట పెట్టేటప్పుడు ముందు వారం పది రోజులు పూర్తి నీడలో ఉంచండి. 200కి అలవాటుపడిన ఆకు 2,000 చూస్తే ఒక్క మధ్యాహ్నంలో కాలిపోతుంది.

టెక్సాస్ నుంచి మాత్రం వద్దు. నిమ్మజాతికి తెగులు మోసే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, అందుకని టెక్సాస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియాల నుంచి కరివేపాకు మొక్కలు బయటికి పంపడం మీద క్వారంటైన్ నిబంధనలున్నాయి. సూట్‌కేసులో పెట్టుకుని వచ్చినా నిబంధన నిబంధనే. సర్టిఫికెట్‌తో పంపే నర్సరీలున్నాయి, వాళ్ల దగ్గర వసంతంలో తెప్పించుకోండి. జనవరిలో ఆర్డర్ చేస్తే దారిలోనే చలికి పోతుంది.